పెళ్లయి వచ్చిన కోడలికి పౌరసత్వం: కట్టే ఫీజు, పట్టే కాలం

ఈ పాఠం ఎవరికి?

గల్ఫ్‌కో సింగపూర్‌కో పనికి వెళ్లి, అక్కడ పరిచయమైన వేరే దేశపు అమ్మాయిని పెళ్లి చేసుకుని ఊరికి తీసుకొచ్చిన కుటుంబాలకు. అమ్మాయి ఫిలిప్పీన్స్ అయినా, శ్రీలంక అయినా, నేపాల్ అయినా ఇంటికి కోడలే. కానీ చట్టం లెక్కలో ఆమె ఇంకా విదేశీ పౌరురాలు. భట్టిప్రోలు నుంచి బాపట్ల కలెక్టరేట్ దాకా ఆమె ఫైలు ఎలా వెళ్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఎంత కాలం పడుతుంది, ఆ కాలంలో ఏది పోగొట్టుకోకూడదు అన్నది ఇక్కడ చెప్పుకుందాం.

ముందే ఒక మాట. ఫీజు గురించే అందరూ అడుగుతారు. దరఖాస్తు ఫీజు నిజానికి చిన్నది. ఈ పనిలో కుటుంబాలు నష్టపోయేది ఎక్కువగా తేదీల దగ్గర.

ఆధార్ ఉంది కదా, ఇంకేం కావాలి?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆధార్ అనేది ఇక్కడ నివాసం ఉన్నవారికి ఇచ్చే గుర్తింపు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో 182 రోజులు మన దేశంలో ఉన్న విదేశీయులకు కూడా ఇస్తారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే 9వ సెక్షన్‌లో రాసి ఉంది. అలాగే రైస్ కార్డులో పేరు ఎక్కినంత మాత్రాన ఆమె భారత పౌరురాలు అయిపోదు.

ఓటు విషయంలో ఇంకా జాగ్రత్త. కొత్త ఓటు కోసం నింపే ఫారం 6లో "నేను భారత పౌరుడిని లేదా పౌరురాలిని" అని సంతకం పెట్టాలి. పౌరసత్వం రాకముందే ఆ సంతకం పెడితే అది తప్పుడు ప్రకటన, శిక్షకు అవకాశం ఉన్న నేరం. "ఓటరు కార్డు ఉంటే పౌరసత్వం తేలికగా వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. తేలిక కాదు సరికదా, ఫైలు విచారణకు వచ్చిన రోజున ఆ కార్డే ఆమెకు ఎదురు తిరుగుతుంది. ఇప్పటికే పొరపాటున పేరు చేరి ఉంటే, దరఖాస్తు పెట్టకముందే తీయించుకోండి. ఇంటికి సర్వేకు వచ్చిన సచివాలయ సిబ్బందికి కూడా ఆమె విదేశీ పౌరురాలని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అలా చెబితే ఇంట్లో మిగతావాళ్ల పథకాలు పోతాయని భయం. అత్తగారికి వచ్చే 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛనును ఆవిడ వయసు, కుటుంబ పరిస్థితి చూసి ఇస్తారు. కోడలి పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది అందులో లెక్కకు రాదు.

పెళ్లయితే పౌరసత్వం దానంతట అది రాదా?

రాదండి. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడికి వచ్చి స్థిరపడినవారికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి రిజిస్ట్రేషన్. భారత పౌరుణ్ణి లేదా పౌరురాలిని పెళ్లి చేసుకున్నవారు, భారత సంతతివారు ఈ దారిలో వస్తారు. రెండోది సహజీకరణ, ఇంగ్లీషులో నాచురలైజేషన్ అంటారు. ఏ బంధుత్వమూ లేకపోయినా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయినవారికి ఇది. ఊళ్లో మాట్లాడుకునేటప్పుడు రెండింటినీ ఒకటే అనుకుంటారు గానీ ఫారం వేరు, ఫీజు వేరు, ఉండాల్సిన కాలం వేరు. తప్పు ఫారం నింపితే నెలలు వృథా.

కోడలికి వర్తించేది సెక్షన్ 5(1)(సి), ఫారం 3. ఆమె మన దేశంలో ఏడేళ్లు నివాసం ఉండాలి. ఈ ఏడేళ్లను చట్టం ఒక పద్ధతిలో లెక్క పెడుతుంది. దరఖాస్తు పెట్టే తేదీకి ముందు 12 నెలలు ఎడతెగకుండా ఇక్కడే ఉండాలి. ఆ 12 నెలలకు ముందున్న ఎనిమిదేళ్లలో మొత్తం కలిపి ఆరేళ్లకు తగ్గకుండా ఉండాలి.

సహజీకరణ దారికి ఫారం 8. అక్కడ కూడా చివరి 12 నెలలు ఎడతెగకుండా ఉండాలి. దానికి ముందు 14 ఏళ్లలో కలిపి 11 ఏళ్లు ఉండాలి. అంటే మొత్తం పన్నెండేళ్లు. దానితో పాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఒక భాష తగినంత వచ్చి ఉండాలి. హిందీయే రావాలని లేదు. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది. మన కృష్ణా తీరపు యాసలో గలగలా మాట్లాడే మనిషికి ఈ షరతు అడ్డం కాదు, భాష వచ్చని సర్టిఫికెట్లు మాత్రం జత చేయాలి.

ఒక లెక్క వేసి చూద్దాం

కువైట్‌లో డ్రైవరుగా చేసిన ఒకాయన 2018 జూన్‌లో భార్యను తీసుకుని భట్టిప్రోలు వచ్చేశాడనుకుందాం. ఆమె ఎక్కడికీ వెళ్లకుండా ఉంటే 2024 జూన్‌కు ఆరేళ్లు, 2025 జూన్‌కు చివరి 12 నెలలు నిండుతాయి. అప్పుడు దరఖాస్తు పెట్టొచ్చు.

మధ్యలో 2021లో తల్లికి బాగోలేదని పుట్టింటికి వెళ్లి నాలుగు నెలలు ఉండి వచ్చిందనుకోండి. ఆ నాలుగు నెలలు ఆరేళ్లలోంచి తగ్గుతాయి. దరఖాస్తు జూన్‌లో కాకుండా అక్టోబరులో పెట్టాలి. నష్టం అంతే.

అదే ప్రయాణం 2025 ఫిబ్రవరిలో, అంటే చివరి 12 నెలల్లో జరిగితే? జూన్‌లో తిరిగి వచ్చిన రోజు నుంచి మళ్లీ 12 నెలలు మొదటి నుంచి లెక్క. అంటే 2026 జూన్ దాకా ఆగాలి. నాలుగు నెలల ప్రయాణానికి ఏడాది పోయినట్టే. ప్రత్యేక పరిస్థితుల్లో ఈ 12 నెలల్లో గరిష్ఠంగా 30 రోజుల దాకా సడలించే అధికారం కేంద్రానికి ఉంది. అయితే అది వాళ్లు ఇవ్వాల్సిన సడలింపు, మనం ముందే లెక్కలో వేసుకునేది కాదు. పుట్టింటికి వెళ్లి రావాలనుకుంటే ఏడో ఏడు మొదలవకముందే వెళ్లి రమ్మనండి.

ఈ 12 నెలల షరతు ఎంత గట్టిదో తెలుగువాళ్లందరికీ తెలిసిన కేసు ఒకటుంది. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. తిరిగి భారత పౌరసత్వం కోసం 2008 మార్చి 31న దరఖాస్తు పెట్టారు. 2009 ఫిబ్రవరి 3న మంజూరైంది, అంటే పది నెలల్లోనే. కానీ దరఖాస్తుకు ముందు 12 నెలలు ఆయన ఇక్కడ ఉండలేదని ఫిర్యాదు వెళ్లింది. కేంద్ర హోం శాఖ 2017లో ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. కోర్టుల చుట్టూ తిరిగాక 2019 నవంబరులో మళ్లీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ఆయనకు వర్తించిన సెక్షన్ వేరు, మన కోడలి సెక్షన్ వేరు. కానీ చివరి 12 నెలల షరతు రెండింటిలోనూ ఉంది. వివరం దాచారని తేలితే పౌరసత్వం వచ్చిన తర్వాత కూడా వెనక్కు తీసుకునే అధికారం పదో సెక్షన్‌లో ఉంది.

కాబట్టి పాస్‌పోర్టులో ముద్రలన్నీ ముందేసుకుని, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఒక నోటు పుస్తకంలో వరసగా రాసుకోండి. నోటి లెక్క వద్దు.

డబ్బు ఎంత అవుతుంది?

దరఖాస్తుతో పాటు కట్టేది ఫారం 3కు 500 రూపాయలు, ఫారం 8కి 1,500 రూపాయలు. ఇది ప్రభుత్వ ఖాతాకే వెళ్తుంది. రసీదు నంబరు ఫైలు మీద ఉంటుంది. ఎవరి చేతికీ నోట్లు ఇచ్చే పని లేదు. హోం శాఖ దరఖాస్తును అంగీకరించాక రెండో విడత ఫీజు అడుగుతారు, అది వేలల్లో ఉంటుంది. ఎంత కట్టాలో అంగీకార పత్రంలో చెబుతారు. ఈ రెండో విడత సంగతి తెలియక, దరఖాస్తుకు కట్టిన దానితో అయిపోయిందనుకుని, చివర్లో అప్పు కోసం పరుగెత్తేవాళ్లు ఉంటారు. డ్వాక్రా సంఘంలో పొదుపు ఉంటే ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టుకోవడం మంచిది.

మిగతా ఖర్చులు చిన్నవిగానే కనిపిస్తాయి. నోటరీ అఫిడవిట్లు, ఆమె మంచి నడవడి గురించి ఇద్దరు భారత పౌరుల అఫిడవిట్లు, వేరే భాషలో ఉన్న జనన పత్రానికి అనువాదం, ఫొటోలు, జిరాక్సులు, బాపట్లకు రానూపోనూ చార్జీలు. సహజీకరణ దారిలో అయితే పౌరసత్వానికి దరఖాస్తు పెడుతున్నానని జిల్లాలో తిరిగే పత్రికల్లో ప్రకటన వేయించి ఆ కత్తిరింపులు జత చేయాలి. ఆ ప్రకటనకు పత్రిక తీసుకునే డబ్బు ప్రభుత్వ ఫీజు కంటే ఎక్కువ కావచ్చు. చిన్న సైజు ప్రకటన చాలు.

అసలు పెద్ద ఖర్చు రెండు చోట్ల. ఒకటి వీసా పొడిగింపులు. రెండోది ఆమె సొంత దేశం తన పౌరసత్వాన్ని వదులుకోవడానికి వసూలు చేసేది. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి చివర్లో పాత పౌరసత్వం వదులుకోక తప్పదు. ఈ ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా అయితే 2014లో దీన్ని 2,350 డాలర్లు చేసింది. మీ కోడలి దేశపు రాయబార కార్యాలయంలో ఎంత తీసుకుంటున్నారో ఇప్పుడే కనుక్కోండి. అప్పటికి కనుక్కోవచ్చులే అనుకోవద్దు.

ఫైలు ఎటు వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది?

దరఖాస్తు నింపేది కేంద్ర హోం శాఖ వారి ఇండియన్ సిటిజన్‌షిప్ ఆన్‌లైన్ వెబ్‌సైటులో. ఆన్‌లైన్‌లో నింపాక ప్రింటు తీసి, పత్రాలన్నీ జత చేసి, నివాసం ఉన్న జిల్లా కలెక్టరు కార్యాలయంలో ఇవ్వాలి. భట్టిప్రోలు మండలం 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. పాత కాగితాల్లో గుంటూరు జిల్లా అని ఉంటుంది. రెండూ కనిపించే పత్రాలు ఇస్తుంటే, జిల్లా మారిందని ఒక వాక్యం కవరింగ్ లెటర్‌లో రాయండి. తెనాలి వైపు కాపురం ఉంటే మాత్రం జిల్లా గుంటూరే.

కలెక్టరు ఆమె అర్హత మీద విచారణ జరిపించి 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి పంపాలి. రాష్ట్రం 30 రోజుల్లో కేంద్ర హోం శాఖకు పంపాలి. ఇవి నిబంధనల్లో రాసిన గడువులు. ఆ తర్వాత కేంద్రం పరిశీలన. ఇక్కడ ఫలానా నెలలో అయిపోతుందని తేదీ పెట్టుకోవద్దు. వేరే ఊళ్లో ఎవరికో ఎనిమిది నెలల్లో వచ్చిందంటే మీకూ అలాగే వస్తుందని లేదు.

మన వైపు నుంచి ఆలస్యం తెచ్చేవి ఇవి. పేరు పాస్‌పోర్టులో ఒకలా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఒకలా ఉండటం. పెళ్లి జరిగింది గానీ రిజిస్టరు కాకపోవడం. పోలీసు విచారణకు వచ్చిన రోజు ఇంటికి తాళం వేసి ఉండటం, లేదా అద్దె ఇల్లు మారి కొత్త చిరునామా తెలియజేయకపోవడం. ఇంకొకటి ఎవరూ ఊహించరు: భర్త పౌరసత్వానికి రుజువు. ఆమె భారత పౌరుడి భార్య అని చూపాలంటే ముందు ఆయన భారత పౌరుడని చూపాలి. పాస్‌పోర్టు ఉంటే సరే. గడువు అయిపోయింది, జనన పత్రం లేదు అంటే ఫైలు భర్త దగ్గరే ఆగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది: వీసా తేదీ

ఫైలు కదలడం లేదని ఎదురుచూస్తూ కూర్చునే కాలంలోనే వీసా గడువు దాటిపోతుంది. "దరఖాస్తు పెట్టాం కదా, ఇంక వీసా ఎందుకు" అనుకోవద్దు. దరఖాస్తు రసీదు వీసా కాదు.

సరైన పాస్‌పోర్టు లేకుండా వచ్చినవారిని, లేదా అనుమతించిన కాలం దాటి ఉండిపోయినవారిని చట్టం అక్రమ వలసదారు అంటుంది. అలాంటివారు రిజిస్ట్రేషన్ దారిలో గానీ సహజీకరణ దారిలో గానీ దరఖాస్తుకే అర్హులు కారు. ఆరేళ్లు ఓపిగ్గా లెక్కపెట్టుకున్నది ఒక్క మరచిపోయిన తేదీతో చిక్కుల్లో పడుతుంది.

ఇందులో ఇంకా పెద్ద నష్టం బిడ్డకు. 2004 డిసెంబరు 3 నుంచి మన దేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకతో భారత పౌరుడు కావాలంటే, పుట్టిన రోజుకు తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై ఉండాలి, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. తండ్రి తరతరాలుగా భట్టిప్రోలు మనిషే కావచ్చు. తల్లి వీసా గడువు దాటి ఉన్న రోజుల్లో కాన్పు అయితే ఆ బిడ్డ పౌరసత్వం ప్రశ్నగా మారుతుంది. పంచాయతీలో జనన పత్రం మామూలుగానే ఇస్తారు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. పద్దెనిమిదేళ్లకు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో వెళ్లినప్పుడు బయటపడుతుంది. కోడలు నెల తప్పిందని తెలిసిన రోజునే వీసా తేదీ చూడండి. కాన్పు తేదీ కంటే ముందే అయిపోతుంటే వెంటనే ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ వెబ్‌సైటులో పొడిగింపుకు పెట్టండి. గడువు ఇప్పటికే దాటి ఉంటే దాచకండి. అదే వెబ్‌సైటులో జరిమానా కట్టి సరిచేసుకునే పని ఈరోజే మొదలుపెట్టండి. జిల్లాలో విదేశీయుల నమోదు చూసేది ఎస్పీ కార్యాలయం.

180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవారు వచ్చిన 14 రోజుల్లో నమోదు చేసుకోవాలన్నది కూడా మరవకండి. నేపాల్ నుంచి వచ్చిన కోడలికి వీసా అక్కర్లేదు. అయితే పాస్‌పోర్టులో ముద్రలు ఉండవు కాబట్టి ఏడేళ్ల నివాసం చూపడానికి అద్దె పత్రాలు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పాస్‌బుక్కు దాచుకోవాలి.

గల్ఫ్‌లో పుట్టిన పిల్లల మాట

తండ్రి లేదా తల్లి భారత పౌరులై బిడ్డ విదేశంలో పుడితే, ఏడాది లోపు అక్కడి మన రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటన ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి, అది మరో ఎదురుచూపు. అమెరికాలో పుట్టి ఆ దేశపు పాస్‌పోర్టు మీద తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు భారత పౌరులు కారు. వాళ్లకు ఓసీఐ కార్డు ఉండాలి. మన దేశంలో ఉండి పెట్టుకుంటే ఫీజు 15,000 రూపాయలు. ఓసీఐ అనే పేరులో సిటిజన్ అన్న మాట ఉన్నా దానితో ఓటు రాదు.

కొడుకే అమెరికా పౌరసత్వం తీసుకుంటుంటే లెక్క తిరగబడుతుంది. అక్కడి దరఖాస్తు ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. అక్కడ ప్రమాణం చేసిన రోజునే మన పౌరసత్వం పోతుంది. ఇక్కడి ఓటరు జాబితాలో, రైస్ కార్డులో అతని పేరు తీయించాలి.

ఫైలు కదలకపోతే

మొదట వెబ్‌సైటులో ఫైలు నంబరు వేసి స్థితి చూడండి. కలెక్టరేట్ దగ్గరే ఉందని తేలితే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో ఫైలు నంబరు, ఇచ్చిన తేదీ, 60 రోజులు ఏ రోజుకు నిండాయో రాస్తే చాలు, కష్టాల కథ అక్కర్లేదు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ చట్టం పౌరులకు మాత్రమే. కోడలు తన పేరుతో పెడితే తిరిగి రావచ్చు. భర్త పేరుతో పెట్టండి. ఇది ఆమె వ్యక్తిగత సమాచారం కాబట్టి, తన ఫైలు వివరాలు భర్తకు ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఆమె సంతకం చేసిన లేఖ జత చేయండి. జిల్లా స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు. భర్త దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారైతే ఆ రుజువు జత చేసి ఫీజు లేకుండానే అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడగకండి, దానికి జవాబు రాకపోవచ్చు. "ఈ నంబరు ఫైలు ఏ తేదీన ఏ అధికారి వద్దకు వెళ్లింది, ఇప్పుడు ఎవరి వద్ద ఉంది" అని అడగండి.

ఫైలు కేంద్రం దగ్గర ఉంటే సీపీగ్రామ్స్ వెబ్‌సైటులో హోం శాఖ పేరు మీద ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి డబ్బు కట్టేది లేదు. పై నుంచి కదిలిస్తానని పాతికవేలు అడిగేవాడు కూడా చేయగలిగింది ఇంతే.

అంగీకార పత్రం వచ్చాక

ఈ దశలో తొందరపాటు వద్దు. హోం శాఖ అంగీకారం కాగితం మీద చేతికి రాకముందు పాత దేశపు పౌరసత్వం వదులుకోకండి. ముందే వదులుకుని, ఇక్కడ ఫైలు ఏ కారణంతోనైనా ఆగితే ఆమె ఏ దేశానికీ చెందని మనిషిగా మిగిలిపోతుంది, వీసా పొడిగించుకోవడానికి పాస్‌పోర్టు కూడా ఉండదు. అంగీకారం వచ్చాక రాయబార కార్యాలయంలో వదులుకున్నట్టు పత్రం తీసుకుని, రెండో విడత ఫీజు కట్టిన రసీదు, రాజ్యాంగానికి విధేయత ప్రమాణ పత్రం కలిపి ఇవ్వాలి. అప్పుడు సర్టిఫికెట్ వస్తుంది.

పాత పాస్‌పోర్టు అప్పగించే ముందు, ముద్రలు ఉన్న పేజీలన్నీ జిరాక్సు తీసి ఇంట్లో ఉంచుకోండి. ఓటుకు ఫారం 6, ఆధార్‌లో వివరాల మార్పు, రైస్ కార్డు, భారత పాస్‌పోర్టు, ఇవన్నీ సర్టిఫికెట్ తేదీ తర్వాతే మొదలుపెట్టాలి.